అయిదున్నర వేల దగ్గర

బళ్ళని రేవు దాటించే పంటు అవతలి ఒడ్డున ఇసుకలో కూర్చుంది. నీళ్ళు పాటు తీశాయట, పోటు తగిలితే గాని కదలదట. గంట పడుతుందో గంటన్నర పడుతుందో చెప్పలేనన్నాడు టిక్కెట్లిచ్చే వీరబ్రహ్మం. చెప్పలేకపోతే ఆ బల్ల ముందు కూర్చోవడం ఎందుకు. నేను కారు నీళ్ళ దగ్గరిదాకా దింపేశాను. వెనక ఒక కొబ్బరికాయల వ్యాను, రెండు మోటారు సైకిళ్ళు చేరాయి. మే నెల ఎండ, నాలుగు దాటినా తగ్గలేదు. ఇటు ముక్తేశ్వరం, అటు కోటిపల్లి, మధ్యలో గోదావరి. కోటిపల్లి దాటితే కాకినాడ, కాకినాడలో మెకానిక్కు అబ్రహాము షెడ్డు, ఆ షెడ్డులో బల్ల మీద గోనెపట్టాలో చుట్టి పెట్టిన, నా కారుకి బిగించవలసిన టర్బో. కోయంబత్తూరు నుంచి లారీలో వచ్చింది. నత్తగుల్లలా ఉందండీ, చూస్తే నవ్వొస్తాది, కానీ తిరిగితే నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతాదండి అన్నాడు ఫోన్లో. ఈ సాయంత్రం బండి అప్పగిస్తే రేపు పొద్దున్నే ఇంజను హెడ్డు విప్పుతాడు. విప్పాక ఇక వెనక్కి తిరిగేది లేదు. అదీ వాడే చెప్పాడు. "మళ్ళీ మునుపట్లా బిగించమంటే బిగిస్తాను గానండీ, అది మునుపటి ఇంజను కాదండి. ఆపైన మీ ఇష్టం అప్పాజీ గారూ." మీ ఇష్టం. ఈ మాట అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. చెప్పవలసిందంతా చెప్పి, చివర్లో చేతులు కడుక్కుని, మీ ఇష్టం.

యానాం వంతెన మీంచి వెళ్ళి ఉంటే ఈపాటికి కాకినాడలో ఉండేవాణ్ణి. మా కాట్రేనికోన నుంచి అదే దగ్గర దారి. కానీ ఆ దారి మురమళ్ళ మీంచి పోతుంది, మురమళ్ళలో రోడ్డు పక్కనే తాతాజీ ఇల్లు. తాతాజీ నా బావమరిది, మా ఆవిడ అమ్మణ్ణి తమ్ముడు. ఆ ఇంటి ముందు నుంచి నేను వెళ్ళను. మూడేళ్ళయింది వెళ్ళక. కాకినాడలో పనుంటే ఇలా అమలాపురం చుట్టి, ఈ రేవులో పంటు కోసం పడిగాపులు పడతాను గాని వాడి గుమ్మం చూడను. పంతమంటారు ఊళ్ళో. అనుకోనీ. ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారో చూసుకుని బతికినవాణ్ణయితే రొయ్యల చెరువులు తవ్వేవాణ్ణా, పెళ్ళాం అడిగిందని కుర్రాళ్ళు తోలే కారు కొనేవాణ్ణా.

అడిగింది. పాతికేళ్ళ కాపురంలో ఒక్క వస్తువు అడగని మనిషి కారు అడిగింది. అదీ ఫలానా కారే కావాలని. రెండువేల ఒకటిలో రెండు చెరువులూ బాగా పండాయి. తెల్లమచ్చ తెగులు ఊళ్ళన్నీ తిరిగి మా గట్టు మాత్రం ఎక్కలేదు. జీపు కొందామని రాజమండ్రి తీసుకెళ్ళాను. షోరూములో టై కట్టుకున్న కుర్రాడొకడు ఈ వీటెక్ బండి ముందు నిలబడి ఎవరికో వివరిస్తున్నాడు. ఇంజను మామూలుగా తిరిగినంతసేపూ మామూలుగానే ఉంటుందండి, చుట్లు చూపించే మీటరులో ముల్లు అయిదున్నర వేల దగ్గరికి వచ్చిందంటే వాల్వులు ఇంకా పెద్దగా తెరుచుకుంటాయి, ఎక్కువ గాలి పీల్చుకుంటుంది, బండి గొంతు మారిపోతుంది అని. అమ్మణ్ణి నా పక్కనుంచి వాడి పక్కకి జరిగింది. "దానంతటదే తెరుచుకుంటాయా బాబూ?" అంది. దానంతటదేనండి అన్నాడు. "పరిగెట్టేకొద్దీ ఎక్కువ తెరుచుకుంటాయా?" అవునండి అన్నాడు. నా వైపు తిరిగి నవ్వింది. "చూశారా. నావి పరిగెడితే మూసుకుపోతాయి." ఆ కుర్రాడికి అర్థం కాలేదు. నాకు అర్థమై కోపం వచ్చింది. పరాయివాడి ముందు తన జబ్బు గురించి అలా నవ్వుతూ చెప్పడమేమిటని. అయినా అదే కొన్నాను.

ఏడో తరగతిలో పరుగు పందెం గెలిచిందట. సోపుపెట్టె ఇచ్చారట బహుమతి. ఆ ఏడాదే కీళ్ళవాపు జ్వరం వచ్చింది, జ్వరం తగ్గింది, గుండెలో వాల్వు పాడైంది. పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే చేసుకునేవాణ్ణి కాదు. ఇలా ఉన్నదున్నట్టు అంటే మనుషులకి నచ్చదు. చెప్పకపోవడం మంచిదైంది అని కూడా అంటాను, అదీ ఉన్నదే. చెరువు గట్టు దాకా నడిస్తే రెండుసార్లు ఆగేది. నేను ముందు నడిచేవాణ్ణి. వెనక్కి తిరిగి చూస్తే చెయ్యి నడుం మీద పెట్టుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడేది, ఊపిరి కోసం కాదు నీళ్ళు చూడటానికే ఆగినట్టు. నేను గట్టు చివర నిలబడి ఎదురు చూసేవాణ్ణి. వెనక్కి వెళ్ళి పక్కన నిలబడవచ్చని తోచలేదు. ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా తోచలేదు.

కారులో మాత్రం ఆగేది కాదు. ఆ యానాం వంతెన కొత్తగా తెరిచిన రోజులు, పొద్దున్న ఆరింటికి ఒక్క బండి ఉండేది కాదు. నున్నటి రోడ్డు, తిన్నగా. చెప్పులు విడిచి కాళ్ళు సీటు మీద పెట్టుకుని, అరచెయ్యి ముందున్న డాష్‌బోర్డు మీద ఆనించి కూర్చునేది. రెండో గేరులో తొక్కేవాణ్ణి. మూడు వేలు, నాలుగు వేలు, అప్పటిదాకా కుట్టుమిషను చప్పుడు. అయిదు వేలు. మిగతావాళ్ళయితే అక్కడ గేరు మార్చేస్తారు. మార్చకండీ అనేది. ఇంకా, ఇంకా. అయిదున్నర వేల దగ్గర ఉన్నట్టుండి ఆ గొంతు విచ్చుకునేది. కేక కాదు, రంకె కాదు. ఏమనాలో నాకు రాదు. బడిలో నేను చదివింది ఎనిమిది. మూసిన గదిలో ఒక్కసారి కిటికీలన్నీ తెరిస్తే ఎలా ఉంటుందో అలా. వంతెన దిగాక ఆవిడ ఆయాసపడేది, కూర్చున్నచోటే, చెమట పట్టి, మొహం వెలిగిపోతూ. "గెలిచామా?" అనేది. "ఎవరి మీద?" అంటే, "ఎవరో ఒకరి మీద లెండి" అనేది.

"ఏవండోయ్, బండికి పెళ్ళిచూపులాండీ?" ముంజికాయల గంప దగ్గర కూర్చున్న సుబ్బాయమ్మ. నాకు తెలియకుండానే తువ్వాలుతో బానెట్టు తుడుస్తున్నానన్నమాట. "అరగంట నించీ తుడుస్తానే ఉన్నారు. రంగు ఊడొస్తాది. రండి, నాలుగు ముంజెలు తినండి, పంటు వచ్చేలోగా." వద్దన్నాను. "అయితే బండికి పెట్టండి, పాపం ఎండలో ఉంది" అంది. వ్యాను డ్రైవరు పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. బానెట్టు చెయ్యి ఆనించలేనంత కాలుతోంది. దీని కింద ఉన్నదాన్ని ఇంతవరకూ ఎవరూ విప్పలేదు. అయిదేళ్ళలో నూనె మార్చడం, ప్లగ్గులు మార్చడం, అంతే. లోపల కంపెనీ వాడు ఎలా బిగించాడో అలాగే ఉంది, ఆవిడ ఎలా విన్నదో అలాగే ఉంది. అబ్రహాముని అడిగాను, టర్బో పెట్టాక ఆ చప్పుడు ఉంటుందా అని. "ఉండదండి. పొగ బయటికి పోయే దారిలో టర్బో అడ్డం కూర్చుంటాది కదండీ, ఆ చప్పుడు తినేస్తాది. ఈల వేస్తాది. అయిదున్నర వేల దాకా ఆగక్కర్లేదండి ఇంక, మూడు వేలకే ఈపు మీద తన్నినట్టు లాగుతాది." ఎందుకో కూడా చెప్పాడు. ఇప్పుడు ఇంజను తనకి కావలసిన గాలి తనే పీల్చుకుంటోంది. టర్బో పెడితే మనం గాలిని లోపలికి కుక్కుతాం. దానికి తట్టుకోవాలంటే పిస్టన్లు మార్చాలి, లోపల నొక్కుడు తగ్గించాలి. తట్టుకుంటుందా అన్నాను. "బలమైన ఇంజనేనండి. కాకపోతే దానికోసం పుట్టింది కాదు కదండీ. ఏడాది ఉండొచ్చు, పదేళ్ళు ఉండొచ్చు."

గాలి కుక్కడం నాకు ఒకడు చెప్పాలా. రొయ్యలకి అదేగా చేస్తాం. మామూలు చెరువు తన గాలి తను పట్టుకుంటుంది, గాలివాటుకి అలలు లేస్తాయి, అంతవరకే రొయ్యలు బతుకుతాయి. రెట్టింపు పిల్ల వదలాలంటే ఏరేటర్లు పెట్టి నీళ్ళు చిలకాలి. చిలికినంతసేపూ బాగానే ఉంటుంది. రొయ్య ఎదుగుతుంది, మేత తింటుంది, చూసేవాడికి కళ్ళు కుడతాయి. కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే రెండు గంటల్లో చెరువంతా రొయ్య మూతులు తేలేసి చస్తుంది. అలా నేను పోగొట్టుకున్న పంటలు రెండు. పండించుకున్నవి పదకొండు. ఆ పదకొండే నా తలలో మిగిలాయి. అందుకే అమ్మణ్ణితో అన్నాను. మా వరండాలో, తాతాజీ కూడా ఉన్నాడు, కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. "నీళ్ళలో గాలి చాలకపోతే ఏం చేస్తాం? ఏరేటరు తిప్పుతాం. పైకి తేలిన రొయ్య కిందికి దిగుతుంది. నీకూ అంతే. హైదరాబాదులో వాల్వు మారుస్తారు, ఆ కాసేపూ మిషను నీ బదులు ఊపిరి తీసుకుంటుంది, నెల తిరక్కుండా గట్టు మీద నాతో సమానంగా నడుస్తావు." తాతాజీ గ్లాసు కింద పెట్టాడు. "మా అక్క చెరువు కాదు బావగారూ" అన్నాడు.

ఆ మాటకి వాణ్ణి అప్పుడే బయటికి పొమ్మన్నాను. కాఫీ సగం మిగిలిపోయింది గ్లాసులో. కాకినాడ డాక్టరు తొందరేమీ లేదన్నాడు, అది నిజం. మందులు వాడుకుంటూ మెల్లగా తిరుగుతుంటే ఇంకో ఆరేడేళ్ళు నడుస్తుంది, ఆపరేషనంటే నూటికి తొంభై మంది లేచి తిరుగుతారు, పదిమంది తిరగరు, మీ ఇష్టం అన్నాడు. తొంభై విన్నాను. అమ్మణ్ణి రెండుసార్లు చెప్పింది. నాకిలాగే బాగుందండీ, మెల్లగా నడిస్తే ఏమవుతుంది, ఎవరు తరుముతున్నారు అని. నీకు బాగుంటే సరా, నాకు బాగోలేదు అన్నాను. గట్టు చివర నిలబడి ఎదురు చూడటం బాగోలేదు. అది జాలి అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇక్కడ ఈ ఎండలో, పనిలేక కూర్చుని చూస్తే అది జాలిలా లేదు. విసుగులా ఉంది. ఆవిణ్ణి బాగు చేయించడానికి కాదు, నేను ఆగవలసిన పని లేకుండా చేసుకోడానికి.

ఫోను మోగింది. అబ్రహాము. "ఎక్కడున్నారండీ?" రేవులో అన్నాను. "పాటు తీసిందాండి? సరే, ఎంత ఆలస్యమైనా ఉంటాను. ఒక్క మాట అడుగుదామనండి. మొన్న కంప్రెషను చూశాను కదా, నాలుగు సిలిండర్లూ కొత్త బండిలా ఉన్నాయండి. ఏ రోగం లేదు. మరి దేనికోసమో చెబితే దానికి తగ్గట్టు కడతాను. హైవేకాండీ, ఊళ్ళో తిరగడానికాండీ?" దేనికో ఇన్నాళ్ళూ వాడు అడగలేదు, నేను చెప్పలేదు. "ఒకణ్ణి దాటాలి" అన్నాను. వాడు నవ్వాడు. "ఒక్కణ్ణాండీ?" ఒక్కణ్ణే. "దాటేశాక?" దాటేశాక ఏంటి. "అదేనండీ, ఒకసారి దాటేశాక మిగతా రోజులు ఈ బండితో ఏం చేసుకుంటారని." పని చూసుకో అని పెట్టేశాను.

దాటింది వాడు, ముందు. ఫిబ్రవరిలో. రావులపాలెం నుంచి రాజమండ్రి వెళుతున్నాను, జొన్నాడ వంతెన ఇంకా రాకముందే వెనక నుంచి తెల్లటి డీజిలు బండి వచ్చింది, కంపెనీలోనే టర్బో బిగించి ఇస్తున్న కొత్త రకం. గట్టిగా తొక్కాను. ముల్లు మూడు వేల మీద ఉంది, ఈ ఇంజనుకి అక్కడ బలం లేదు, పైకెక్కేదాకా ఆగాలి. వాడికి ఆగనక్కర్లేదు. ఈల వేసుకుంటూ పక్కకి వచ్చాడు. అద్దం దించాడు. తాతాజీ. జుట్టు సగం నెరిసింది. ఏదో అన్నాడు, పెదాలు కదిలాయి, గాలికి వినబడలేదు. నవ్వాడో పలకరించాడో. నేను ముందుకే చూశాను. కాసేపు పక్కనే వచ్చి, తర్వాత దాటి వెళ్ళిపోయాడు. నాకు అయిదున్నర వేలు వచ్చేసరికి వాడు వంతెన మీద చుక్క. ఆ చప్పుడు అప్పుడు వచ్చింది, ఎవరి కోసమూ కాకుండా, ఖాళీ సీటు పక్కన. ఆవిడ పోయాక మళ్ళీ అదే మొదటిసారి వినడం. విన్నాను, కాలు తీసేశాను. పొలం గట్టు పక్కన ఆపుకుని కూర్చున్నాను. వారం తిరక్కుండా అబ్రహాముకి ఫోను చేశాను. వాణ్ణి దాటడానికి అనుకున్నాను. ఆ చప్పుడు ఇంకెప్పుడూ వినబడకుండా చెయ్యడానికి కూడానేమో. తెలియదు. రెండూ ఒకటే పనితో అయిపోతాయి, ఆ నత్తగుల్లతో.

కానీ ఆ చప్పుడు పోతే ఎలా. ఫోటోలో ఆవిడ ఆవిడలా ఉండదు. స్టూడియో వాడు గడ్డం పట్టుకుని తిప్పినట్టు బిగుసుకుపోయి ఉంటుంది. చీరలు వాళ్ళ చెల్లెలు పట్టుకుపోయింది. గొంతు ఎక్కడా పట్టి పెట్టలేదు, అప్పుడు అంత తెలివి ఎవరికి. మార్చకండీ, ఇంకా, ఇంకా అన్న మనిషి ఉన్న చోటు ఇదొక్కటే, అయిదున్నర వేలకీ ఆరున్నర వేలకీ మధ్య, రెండు మూడు సెకన్లు. ఆగితేనే వస్తుంది. తొందరపడి గేరు మార్చినవాడికి రాదు.

ఆపరేషనుకి ముందు రెండు జడలు వేశారు నర్సులు, బడిపిల్లకి వేసినట్టు. స్ట్రెచరు మీద పడుకుని నన్ను చూసి సిగ్గుపడింది. బండి ఇక్కడే ఉంచండి, వచ్చేటప్పుడు నేను రైల్లో రాను అంది. కాగితాల మీద సంతకం నాది. ఎడమ పక్క ఒకటి, కింద రెండు. బండి ఉంచాను. హైదరాబాదు నుంచి కాట్రేనికోన దాకా అంబులెన్సు వెనకాలే తోలాను. ముల్లు రెండు వేలు దాటలేదు. అంబులెన్సులో ఆవిడ పక్కన తాతాజీ కూర్చున్నాడు. వెనక అద్దంలోంచి వాడి వీపు కనిపిస్తూనే ఉంది దారంతా. నేను చెప్పానుగా అని ఆ ఒక్క మాట వాడు అని ఉంటే తిట్టి, కొట్టి, అక్కడికి తేల్చుకునేవాణ్ణి. అనలేదు. పదకొండో రోజున నడుముకి తువ్వాలు బిగించి విస్తళ్ళలో వడ్డించాడు. నా విస్తట్లో కూడా వడ్డించాడు. కొంచెం తినండి బావగారూ అన్నాడు. దానికే నేను వాణ్ణి ఇంతవరకూ క్షమించలేదు. తప్పు చేసినవాణ్ణి క్షమించవచ్చు. వాడు ఏ తప్పూ చేయలేదు.

"వచ్చేత్తందండోయ్!" వ్యాను డ్రైవరు లేచి పంచె సర్దుకున్నాడు. నీళ్ళు ఎప్పుడు పెరిగాయో చూడలేదు, నా ముందు చక్రాలకి బారెడు దూరంలో ఉన్నాయి. పంటు గోదావరి మధ్యకి వచ్చేసింది, రెండు పడవలు కలిపి మీద బల్లలు పరిచినది, దాని మీద ఒక ట్రాక్టరు, గేదె, గొడుగులు. ఒడ్డుకి ఆనింది. బల్లలు దించారు. దిగేవాళ్ళు దిగారు. గేదె దిగనంది, నలుగురు తోశారు. వీరబ్రహ్మం చెయ్యి ఊపాడు. "మొదట మీదేనండీ, ఎక్కించండి, తిన్నగా రానియ్యండి." తాళం తిప్పాను. ఇంజను అందుకుంది. మెత్తగా, నిలకడగా, ఎనిమిది వందల మీద ముల్లు వణక్కుండా. దీనికి ఏ రోగం లేదు. ఆవిడ కూడా తనకి రోగం ఉందనుకోలేదు, మెల్లగా నడవడం అనుకుంది.

"ఏంటండీ, రండి! ఎనకాల బళ్ళున్నాయి."

"నేను రావట్లేదు. వాళ్ళని ఎక్కించు."

"గంటన్నర కూర్చుని ఇప్పుడు రారాండీ? టిక్కెట్టు చించేశానండీ." సుబ్బాయమ్మ గంప దగ్గర నుంచి అందుకుంది. "బండికి పెళ్ళికొడుకు నచ్చలేదేమోలే, వదిలేయవయ్యా." జనం నవ్వారు. నవ్వనీ. పక్కకి తీసి, వ్యానుకి దారి ఇచ్చి, ఫోను తీశాను.

"అబ్రహామూ, నేను రావట్లేదు."

"అదేంటండీ, పంటు రాలేదాండి?"

"వచ్చింది."

"మరి? భయపడకండి అప్పాజీ గారూ, నేను దగ్గరుండి చేస్తాను. తొంభై పాళ్ళు ఏమీ కాదండి."

మూడేళ్ళుగా ఈ మాట నోట్లోనే ఉంది. ఇంట్లో గోడలకి కూడా చెప్పలేదు. గ్రీజు చేతులతో ఫోను పట్టుకున్న పరాయివాడికి చెప్పాను. "బాగానే ఉన్న మనిషిని ఒకసారి బల్ల ఎక్కించాను. వద్దు వద్దంటుంటే నేనే ఎక్కించాను. ఆవిడ తమ్ముడు వద్దన్నాడు, వాడు చెప్పిందే నిజం. ఇంక దేన్నీ విప్పించను."

అవతల షెడ్డులో ఎవరో సుత్తితో కొడుతున్నారు. అది ఆగింది. పెట్టేశాడేమో అనుకున్నాను. పెట్టలేదు.

"ఆయ్" అన్నాడు అబ్రహాము, చాలా మెల్లగా.